ఏడో గాటు

జగ్గయ్యపేట
18 జూన్ 1957

అల్లుడు జాన్‌బాషాకి,

నువ్వు నందిగామ బస్సెక్కిన నాలుగో రోజున ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇవాళ తొమ్మిదో రోజు. మధ్యలో ఏం జరిగిందంటే చెప్పుకోదగ్గది ఒక్కటే, మిరపకాయల కమీషను కొట్టు రత్తయ్య గారి బోర్డు. కొట్టు మీద తన పేరు బస్సు ఆగకుండానే జనం చదవాలన్నాడు. "రాస్తానండి, కాని బస్సు కాస్త నెమ్మదిగా పోవాలండి" అన్నాను. "బస్సు దాని దారిన అది పోద్ది సాంబయ్యా, నా పేరు మాత్రం కంట్లో పడాల" అన్నాడు. రాశాను. మనిషి మూడుసార్లు బస్సెక్కి చిల్లకల్లు దాకా పోయొచ్చి చూసుకున్నాడు. మూడోసారి కిటికీ పక్కన చోటు దొరకలేదట. చదవలేకపోయానని వచ్చి నా మీద ఎగిరాడు.

ఇది కాదు నేను రాయాలనుకున్నది. బోర్డుకి గీతలు కొట్టేటప్పుడు సుద్దపొడి అద్దిన దారం ఒక కొస నేను పట్టుకుంటే రెండో కొస నువ్వు పట్టుకునేవాడివి. పన్నెండేళ్ళు పట్టుకున్నావు. ఇప్పుడు ఆ కొస మేకుకి కట్టాను. మేకు మంచిదే. టీ అడగదు, పండక్కి సెలవడగదు, నా పాత కథలకి ఆవలించదు. అయితే దారం బిగువు చాలిందో లేదో చెప్పదు. నువ్వు "చాలు మామా" అనేవాడివి.

నువ్వు హయ్యర్ గ్రేడు పరీక్ష పాసయ్యి డ్రాయింగ్ మాస్టారివి అయినందుకు మీ అత్త పున్నమ్మ వీధంతా పటికబెల్లం పంచింది. నేనూ ఒక పలుకు తిన్నాను. నాకు కుంచె పట్టటం నేర్పిన మీ తాత ఖాదర్ వలి సాహెబు ఉంటే ఏమనేవాడో. ఈ కొట్టు నాకు అప్పగించిన రోజున "ఇది నీది" అనలేదు, "నా మనవడిది" అని కూడా అనలేదు. "ఇక్కడ నిలబడ్డవాడిది" అన్నాడు. ఊరికే గుర్తొచ్చి రాశాను, మరోలా అనుకోకు.

సాంబయ్య


నందిగామ
7 జులై 1957

మామకి సలాం, అత్తకి కూడా.

మేకు సంగతి చదివి మా ఇంటావిడ జహనారా పడీపడీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇక్కడి రైతులు చందాలేసుకుని కట్టుకుంటున్న బడి ఇది. సగం తాటాకు, సగం పెంకు. వారానికి నాకు ఎనిమిది పీరియడ్లు. అందులో ఐదు లెక్కల మాస్టారు పట్టుకుపోతారు. "డ్రాయింగేగా బాషా మాస్టారూ, ఇంటికాడ గీసుకుంటార్లెండి" అంటారు. మిగిలిన మూడింటిలో బల్ల మీద పూలకుండీ పెట్టి గీయించాలి. పరీక్షలో వచ్చేది అదే. నన్ను చూస్తే ఆ కుండీకే విసుగు పుట్టినట్టుంది మామా.

నాకొక ఆలోచన వచ్చింది. బోర్డులు, సబ్బు పెట్టెల మీద రాతలు, పెళ్ళి కార్డులు, కాలెండర్లు, వీటన్నిటినీ కలిపి మద్రాసులో కమర్షియల్ ఆర్టు అంటారట. దానికి బడులున్నాయట. కాని మన తెలుగక్షరాన్ని ఎంత పొడుగు ఎంత వెడల్పు గీయాలో, తలకట్టు ఎక్కడ మొదలవ్వాలో, వత్తుకి కింద ఎంత చోటు వదలాలో నేర్పే మాస్టారు నాకు తెలిసినంతలో ఎక్కడా లేడు. మనబోటివాళ్ళు కొట్టులో రంగు డబ్బాలు కడుగుతూ నేర్చుకోవాల్సిందే. నాకు ఆ మాస్టార్ని కావాలనుంది. కుండీల మాస్టారుగా రిటైరవ్వాలని లేదు.

మన కొట్టులో గీతలు గీసేది మీరు, రంగు నింపేది నేను. తాత ఇచ్చిన కొలబద్ద మీద గాట్లు చూశానే గాని ఏ గాటు దేనికో నాకు పూర్తిగా తెలియదు. ఆ కొలతలు రాసి పంపితే అక్షరాల తరగతి ఒకటి మొదలుపెడతా.

మీ
జాన్‌బాషా


జగ్గయ్యపేట
22 ఆగస్టు 1957

అల్లుడు జాన్‌బాషాకి,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. దానికి వానలు కారణమని రాద్దామనుకున్నాను గాని ఇక్కడ వాన పడలేదు.

అక్షరాల తరగతి అంటే ఒక సంగతి గుర్తొచ్చింది. నైజాం రోజుల్లో మన సరిహద్దు చౌకీకి "ఆగుము" అని బోర్డు రాయమన్నారు. మీ తాత నెలరోజులు తీసుకుని రాశాడు. 'ఆ' చూస్తే అప్పుడే నలుగు పెట్టి నీళ్ళు పోసిన పసిబిడ్డలా ఉంది. బళ్ళవాళ్ళందరూ ఆగేవాళ్ళు. దిగి, బోర్డు కేసి చూసి, "ఎంత అందంగా రాశాడ్రా సాయిబు" అనుకుని, బండెక్కి తోలుకుపోయేవాళ్ళు. అక్షరాల కోసం ఆగారు గాని సుంకం కోసం ఆగినవాడు లేడు. చౌకీ అధికారి ఆ బోర్డు పీకించి వంకర టింకర రాతతో ఇంకోటి పెట్టించాడు. నేను చదివింది రెండో తరగతి. ఆ పైన నేర్చుకున్నదంతా ఇట్లాంటివే.

కొలబద్ద మాట. అది బిల్లుడు కర్ర. మీ తాత చేతిలో ముప్ఫై ఏళ్ళు, నా చేతిలో పంతొమ్మిదేళ్ళు నునుపెక్కింది. దాని మీద గాట్లు ఉత్తరంలో రాసేవి కావురా. చేత్తో తడిమి తెలుసుకునేవి. కొట్టులో నిలబడ్డవాడికి అవే తెలుస్తాయి.

నీ కుండీని అడిగానని చెప్పు.

సాంబయ్య


నందిగామ
14 నవంబరు 1957

మామకి సలాం.

చౌకీ కథ పిల్లలకి చెప్పాను. వాళ్ళకి నచ్చింది. నేను అడిగిన దానికి మాత్రం అందులో జవాబు లేదు.

ఇప్పుడు సంగతి ముదిరింది. మా బడి కమిటీ ప్రెసిడెంటు వీరరాఘవయ్య గారు కొత్త గేటు కట్టించారు. పైన కమాను. దాని మీద "రైతు సంఘం" అని పై వరస, "ఉన్నత పాఠశాల" అని కింద వరస బోర్డు ఎత్తాలి. బెజవాడ నుంచి పెయింటర్ని పిలిపిస్తానన్నారు. నేను వెళ్ళి, "మన పిల్లలే రాస్తారండి, నేను దగ్గరుండి రాయిస్తానండి" అన్నా. ఆయన కాసేపు మీసం నిమురుకుని, "రాయించు. జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేసేటప్పటికి బోర్డు పైనుండాల. చూసినోళ్ళు శెభాష్ అంటే నీ అక్షరాల తరగతికి ఒక గది, రోజుకో గంట. లేకపోతే కుండీలు గీయించుకో. మళ్ళీ నా కాడికి రావద్దు" అన్నారు. ఒక్క మాట మీద నిలబడే మనిషి. రెండోసారి అడగటానికి ఉండదు.

ఐదుగురు పిల్లల్ని ఏరుకున్నా. వాళ్ళలో ఫిఫ్తు ఫారం చదివే ప్రమీలారాణి అని ఒక అమ్మాయి ఉంది. ఆ కన్ను చూడాలి మీరు. కుండీ గీయమంటే గీయకుండా "దాని వెనకాల గోడ వంకరగా ఉందండీ మాస్టారూ" అంది. దారం వేసి చూశాను. నిజంగానే వంకర.

కమాను మూడు నిలువుల ఎత్తు మామా. నేనెప్పుడూ అంత ఎత్తు బోర్డుకి గీతలు గీయలేదు. అటువంటివి వచ్చినప్పుడు మీరు నన్ను టీ తెమ్మని పంపేవారు. నేను వచ్చేసరికి గీసేసి ఉండేవి. ఈ ఒక్కసారికి కొలతలు పంపండి. తాత చేతి కొలత నందిగామలో ఒక గేటు మీద ఉంటుంది.

మీ
జాన్‌బాషా


జగ్గయ్యపేట
9 డిసెంబరు 1957

అల్లుడు జాన్‌బాషాకి,

మీ అత్త వారం రోజులుగా నాకు కూర వడ్డించకుండా పచ్చడితో సరిపెడుతోంది. "ఆ పిల్లోడు అడిగింది పంపుతావా, పంపవా?" అని ఆమె ప్రశ్న. అందుకని పంపుతున్నాను.

వెనక కాగితం మీద గీసి చూపించాను. మొదటి గాటు అక్షరం ఒళ్ళు. రెండోది తలకట్టు. మూడోది గుడికి పైన వదలాల్సిన చోటు. నాలుగోది వత్తుకి కింద వదలాల్సింది. ఐదోది అక్షరానికీ అక్షరానికీ మధ్య. ఆరోది వరసకీ వరసకీ మధ్య. ఈ ఆరూ తప్పకుండా పాటిస్తే ఏ బోర్డయినా నిలబడుతుంది.

ఏడోది దిష్టి గాటు. చిన్నప్పుడు నువ్వడిగితే చెప్పాను, గుర్తుందిగా. పసిబిడ్డ బుగ్గ మీద చుక్క ఎట్లాగో అదీ అట్లాగే. దానితో నీకు పనిలేదు.

ఇంకేం రాయను. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

సాంబయ్య


నందిగామ
2 ఫిబ్రవరి 1958

మామకి,

జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

వరండాలో బోర్డు రేకు గోడకానించి పిల్లలు ఇరవై రోజులు రాశారు. మీ కొలతలు వెంట్రుకవాసి తప్పలేదు. ఎదురుగా నిలబడి చూస్తే అచ్చు మన కొట్టులో రాసినట్టే ఉంది. లెక్కల మాస్టారు కూడా వచ్చి చూసి, "బానే ఉందయ్యా" అన్నారు. ఇరవయ్యారో తారీఖు పొద్దున నలుగురు పట్టి తాళ్ళతో పైకెత్తారు. గుడ్డ కప్పి ఉంచారు. జెండా ఎగరేశాక వీరరాఘవయ్య గారు తాడు లాగారు. గుడ్డ జారింది.

కమాను కింద ఊరంతా తలలెత్తి చూసింది. పై వరస అక్షరాలు అణిగిపోయి, నెత్తిన మూట పెట్టినట్టు ఉన్నాయి. కింద వరస పెద్దది, పై వరస చిన్నది. నేను రెండూ ఒక్క కొలతనే గీయించాను. అక్కడ అట్లా లేవు. అప్పుడు వీరరాఘవయ్య గారు, "ఏందయ్యా బాషా, అక్షరాలు గొంతుక్కూర్చున్నయ్యి?" అన్నారు. అందరూ నవ్వారు. పిల్లల తల్లిదండ్రులు కూడా. ఆయన కోపంగా అన్లేదు, సరదాగానే అన్నారు. కోప్పడితే బాగుండేది.

గది ఇవ్వలేదు. అడగలేదు. బోర్డు దింపించమంటే, "మన పిల్లలు రాసిందిగా, ఉండనీ" అన్నారు. రోజూ దాని కిందనుంచే బడికి పోతున్నా.

కుండీ కుశలమే.

జాన్‌బాషా


జగ్గయ్యపేట
1 మార్చి 1958

అల్లుడు జాన్‌బాషాకి,

చదివాను. మనసు బాగోలేదు. కమాను కట్టిన మేస్త్రీ వంపు సరిగా తీసి ఉండడు. రేకు మధ్యలో ఉబ్బి ఉంటుంది. పొద్దున ఎండ ఎదురుగా కొడితే అక్షరం కుంచించుకుపోయినట్టు కనపడటం కూడా ఉంది. ముక్త్యాలలో ఒకసారి నాకూ అట్లాగే అయింది. అక్కడ నది మీది వెలుగు...

ఆ కథ మరోసారి రాస్తాను.

దిగులు పెట్టుకోకు. కొట్టు తలుపు తీసే ఉంది.

సాంబయ్య


నందిగామ
20 జూన్ 1961

మామకి సలాం.

మూడేళ్ళుగా పండక్కి కార్డు ముక్క తప్ప రాయలేదు. మీరూ రాయలేదు. నేనేదో కినుక పెట్టుకున్నానని అత్త అనుకుంటోందట. అదేం లేదని చెప్పండి. రాయటానికి ఏమీ లేక.

ఇవాళ రాయటానికి ఒకటి ఉంది. పట్నంలో ఒక ఆర్టు కాలేజీలో కమర్షియల్ ఆర్టు చెప్పటానికి మనిషి కావాలని పేపర్లో పడింది. తెలుగు అక్షరాలు రాయగలిగినవాళ్ళకి ప్రాధాన్యం అని కూడా ఉంది. ఆ ముక్క నాకోసమే వేసినట్టనిపించింది. ఫారం తెప్పించుకున్నా. పేరు, ఊరు, పరీక్షలు అన్నీ నింపా. "ఈ విషయం ఇంతకు ముందు నేర్పిన అనుభవం" అన్న గడి దగ్గర కలం ఆగింది. ఏం రాయను? ఇరవై రోజులు, ఐదుగురు పిల్లలు, ఒక బోర్డు. ఆ బోర్డు ఎక్కడుందని అడిగితే?

జహనారా "రాయండి, ఏమవుతుంది" అంది. ఆఖరి తారీఖు నిన్నటితో పోయింది. ఫారం బల్ల సొరుగులో ఉంది.

జాన్‌బాషా


జగ్గయ్యపేట
11 సెప్టెంబరు 1964

జాన్‌బాషాకి,

ఈ ఉత్తరంలో కథలేమీ ఉండవు. ఉంటే నువ్వు కొట్టేసి చదువుకో.

కళ్ళజోడు కోసం మొన్న బెజవాడ పోయాను. బస్సు ఇంజను వేడెక్కి నందిగామలో ఆగింది. డ్రైవరు నీళ్ళకి పోయాడు. దిగి నాలుగడుగులు వేశాను. ఎదురుగా మీ బడి గేటు. తలెత్తాను. ఆరున్నరేళ్ళ ఎండకీ వానకీ రంగు వెలిసిపోయింది గాని అక్షరాలు ఇంకా గొంతుక్కూర్చునే ఉన్నాయి. ఒక్కొక్కటీ నా కేసి చూస్తున్నట్టుంది. లోపల నువ్వు ఏ తరగతిలోనో ఉండే ఉంటావు. బస్సు హారను కొట్టేదాకా అక్కడే నిలబడ్డాను. లోపలికి రాలేదు. వచ్చే మొహం లేదు.

ఏడోది దిష్టి గాటు కాదు.

బోర్డు తలకి మించి పైకి వెళ్ళినప్పుడు కింద నిలబడ్డవాడి కంటికి అక్షరం అణుగుతుంది. ఎత్తిన ప్రతి నిలువుకీ ఆ గాటంత అక్షరం పొడుగు పెంచాలి. రెండు వరసలుంటే పై వరసకి ఇంకో గాటు కలపాలి. అప్పుడు నేల మీదివాడికి రెండూ సమంగా కనపడతాయి. ఇంతే. ఒక్క వాక్యం. నీకు పన్నెండేళ్ళలో ఏ రోజైనా చెప్పగలిగిన వాక్యం. నువ్వు మూడు నిలువుల ఎత్తని రాసినా చెప్పలేదు.

మీ తాత ఒట్టు పెట్టించుకున్నాడని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఏడో గాటు చూపించిన రోజున ఆయన అన్నది, "కొట్టులో నిలబడ్డవాడికి చెప్పు" అని. "వెళ్ళిపోయినవాడికి చెప్పొద్దు" అనలేదు. ఆ రెండో సగం నేను కుట్టుకున్నది. అసలు నిన్ను టీకి పంపటం కూడా ఆయన నేర్పింది కాదు. అది తెలిస్తే నువ్వు సొంత కొట్టు పెట్టుకుంటావేమోనని నా భయం. నువ్వు కొట్టు పెట్టలేదు, బడికి పోయావు. అది ఇంకా మండింది. సర్టిఫికెట్ ఉన్నవాడివి నువ్వు, కొలతలకి మాత్రం నేను కావలసొచ్చాననుకున్నాను. ఆరు రాసి, ఏడో దాని దగ్గర ఆగి, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని రాశాను. ఆ రోజు చలి లేదు.

ఆ మేకుని రోజూ చూస్తూనే ఉన్నాను.

కొలబద్ద గుడ్డలో చుట్టి పంపుతున్నాను. బస్సు కండక్టరు నీ చేతికే ఇస్తానన్నాడు. అది మీ తాతది. నేను మధ్యలో మోసినవాణ్ణి, అంతే.

సాంబయ్య


నందిగామ
29 సెప్టెంబరు 1964

మామకి సలాం.

కొలబద్ద అందింది. మూడు రోజులు ఆ ఉత్తరమే తీసి చదువుతూ కూర్చున్నాను. జహనారా ఏమైందని అడిగితే మిమ్మల్ని తిట్టాను. పెద్దగానే తిట్టాను. ఆ తిట్లు ఇక్కడ రాయను.

నాలుగో రోజు కొలబద్ద చేతిలో పట్టుకుని కూర్చుంటే నా సంగతి గుర్తొచ్చింది. ఇది ఎవరికీ చెప్పలేదు. మీకు రాసిన ఉత్తరంలో కూడా దాటేశా.

బోర్డు ఎత్తటానికి రెండు రోజుల ముందు. రేకు వరండాలో గోడకి ఉంది. పిల్లలు ఆఖరి పూత వేస్తున్నారు. ప్రమీలారాణి అలిసిపోయి వరండా మెట్లు దిగి కింద నేల మీద కూర్చుంది. అక్కణ్ణుంచి తలెత్తి చూసి, "మాస్టారూ, పైకెత్తితే పై వరస పొట్టిదైపోద్దేమోనండి. ఇక్కడ కూర్చుంటేనే అట్టా కనపడతందండి" అంది.

నేనేమన్నానో తెలుసా? "ఈ కొలత పెట్టినోళ్ళు నువ్వు పుట్టకముందు నుంచి బోర్డులు రాస్తున్నారు. నోరు మూసుకుని రంగు వెయ్" అన్నా. నలుగురి ముందు. ఆ పిల్ల లేచి వచ్చి రంగు వేసింది. ఇరవయ్యారున అందరూ నవ్వుతుంటే బోర్డు కేసి చూడలేదు, నా కేసి చూసింది. మర్నాటి నుంచి డ్రాయింగ్ తరగతికి రాలేదు.

మీరు ఒక వాక్యం దాచారు మామా. ఆ వాక్యాన్నే ఒక పిల్ల వచ్చి నా చేతికిస్తే నేను విసిరికొట్టా. నేను ఆ రెండు మెట్లు దిగి ఆమె పక్కన కూర్చుని చూస్తే చాలు. కొలతలతో పనే లేదు. నేర్పటమే నా బతుకనుకున్నవాణ్ణి, నేర్చుకోవటానికి రెండు మెట్లు దిగలేకపోయా. ఆ గది నాకు దక్కకపోవటం న్యాయమేనేమో.

మిమ్మల్ని క్షమించానో లేదో నాకింకా తెలియదు. అడక్కండి.

జాన్‌బాషా


జగ్గయ్యపేట
6 అక్టోబరు 1964

జాన్‌బాషాకి,

అడగను.

ఆ అమ్మాయి ఎక్కడుందో కనుక్కో. కొలబద్ద ఆమెకివ్వు. మన ఇద్దరిలో ఎవరి దగ్గరా ఉండదగ్గది కాదు.

సాంబయ్య


నందిగామ
17 ఫిబ్రవరి 1965

మామకి సలాం.

దొరికింది. వాళ్ళమ్మని అడిగితే చెప్పింది. ప్రమీలారాణి టీచరు ట్రైనింగు చేసి జి.కొండూరు దగ్గర ఒక చిన్న పల్లెలో ఎలిమెంటరీ బడికి పంతులమ్మగా ఉంది. మొన్న శనివారం సెలవు పెట్టి వెళ్ళా.

ఒకటే గది. అరవై మంది పిల్లలు చాపల మీద. వెనక గోడ నిండా నల్ల రంగు పూసి, అక్షరాలన్నీ తనే తెల్లగా రాసింది. దూలం కింద నుంచి నాలుగు వరసలు. నేను గుమ్మంలో నిలబడి చూసి, పై వరస మరీ పెద్దదిగా ఉందే, కొలత తప్పిందే అనుకున్నా. చూడండి, ఇంకా అట్లాగే అనుకున్నా. తర్వాత ఏమనిపించిందో, పిల్లల పక్కన చాప మీద కూర్చుని తలెత్తా. నాలుగు వరసలూ ఒక్క ఎత్తు మామా. ఒక్క ఎత్తు. అణగటం లేదు, ఉబ్బటం లేదు. ఏ అక్షరమూ కూర్చోలేదు. అన్నీ నిలబడి ఉన్నాయి.

"అయ్యో, కింద కూర్చున్నారేంటండీ మాస్టారూ, కుర్చీ తెప్పిస్తానుండండి" అంది.

"ఇదెవరు చెప్పారమ్మా నీకు?" అన్నా.

"ఎవరు చెప్తారండీ. పిల్లకాయల్లో కూర్చుని చూసుకుంటా రాశానండి. తప్పొస్తే చెరిపి మళ్ళా రాశా. మూడుసార్లు పట్టింది."

కొలబద్ద ఇచ్చా. మీ సంగతి, తాత సంగతి, ఏడో గాటు సంగతి చెప్పా. గాట్లన్నీ వేలితో తడిమి చూసింది. ఏడో దాని మీద వేలు ఆగింది. తర్వాత ఒక ప్రశ్న అడిగింది.

"ఆ రోజు వరండాలో నేను చెప్పింది మీరు అసలు విన్లేదా మాస్టారూ, విని కూడా కాదనుకున్నారా? ఏడేళ్ళ నుంచి అడగాలనుకుంటన్నానండి. నా కన్నుదే తప్పేమోనని చాలా రోజులు బొమ్మ ముట్టుకోలేదు."

నా నోట్లోంచి వచ్చిన మాట రాస్తున్నా. "సరిగ్గా వినపడలేదమ్మా" అన్నా.

ఆమె నా మొహం కేసి చూసింది. "అయితే సరేనండి" అంది. లేచి, కొలబద్దతో గోడ మీద 'అ' చూపించి పిల్లల చేత చదివించింది.

బస్సులో వస్తుంటే మీరు గుర్తొచ్చారు. చలికి వేళ్ళు కొంకర్లు పోవటం ఎట్లా ఉంటుందో తెలిసింది.

జాన్‌బాషా


జగ్గయ్యపేట
23 ఫిబ్రవరి 1965

అల్లుడు జాన్‌బాషాకి,

ఒక్క వాక్యం చెప్పటానికి నాకు ఏడేళ్ళు పట్టింది. ఆ మధ్యలో ఏమేం పోయాయో నీకు తెలుసు. కాలేజీ ఫారం నీ సొరుగులో ఉంది. నువ్వు మళ్ళీ ఏడేళ్ళు తీసుకోవద్దు.

శనివారం పొద్దున మొదటి బస్సుకి నేను నందిగామ వస్తున్నాను. మీ అత్త సద్ది మూట కడుతోంది. బడి గేటు ముందు నిలబడు, ఆ బోర్డు కిందే. తలెత్తకు. ఇద్దరం కలిసి జి.కొండూరు పోదాం. దిష్టి గాటని అబద్ధం చెప్పింది నేనని ఆమెకి నా నోటితో చెబుతాను. నువ్వు విన్నావని నీ నోటితో చెప్పు. ఎవరు ముందు చెప్పాలో బస్సులో తేల్చుకుందాం.

దారం వెంట తెస్తున్నాను. ఆమెకి వీలుంటే, ఇష్టముంటే, సెలవుల్లో వచ్చి మీ గేటు బోర్డు తిరగరాయమని అడుగుదాం. ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకుంటే గీతలు గీసేది ఆమె. ఒక కొస నువ్వు పట్టుకో, రెండోది నేను పట్టుకుంటాను. బిగువు చాలిందో లేదో ఆమే చెబుతుంది.

సాంబయ్య